వీధి తలుపు ఒకటి, గడియతో సహా

టైలరమ్మ కుట్టిన బట్టలు ఇచ్చి ఇంటికి వచ్చేసరికి వీధి తలుపు లేదు. ద్వారబంధానికి బందులు మాత్రం మిగిలాయి. కాలు విరిగి మంచం మీదున్న అత్తగారు దుప్పటి మెడదాకా కప్పుకుని, దారిన పోయేవాళ్లందరికీ కనబడుతోంది.

"ఓనరు పట్టుకెళ్లాడే. రిపేరన్నాడు," అంది ఆవిడ.

రిపేరూ లేదు, గిపేరూ లేదు. ఆ పోర్షన్ ఓనరుకు అల్లుడి కోసం కావాలి. అగ్రిమెంటేమో ఇంకా ఏడు నెలలుంది. రెండుసార్లు ఖాళీ చెయ్యమన్నాడు, రెండుసార్లూ ఆమె కుదరదంది. అసలా మనిషికి తలుపు తట్టడమే చేతకాదు. వాళ్లు అన్నం తింటున్నా సరే, నెట్టుకుని లోపలికి వచ్చేస్తాడు. అలాంటివాడు చివరికి తలుపే ఎత్తుకుపోయాడు.

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది గానీ, అత్త చూస్తోందని దిగమింగింది. కుట్టుమిషన్ ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టి పనిలో పడింది. మూడు రోజులు అక్కణ్ణించి కదిలితే ఒట్టు. అడిగినవాళ్లందరికీ "మా తలుపు ఓనరుగారింట్లో ఉంది" అని, దారం కొరుకుతూ చెప్పింది.

మూడో రోజు, కుట్టమని ఇచ్చిన కోటు తీసుకెళ్లడానికి, అద్దె తగాదాలు చూసే కోర్టులో గుమాస్తా వచ్చాడు. ఆయనకూ అదే చెప్పింది. ఆయన అగ్రిమెంటు తెమ్మని, నిలబడే మొత్తం చదివాడు.

నాలుగో రోజు పొద్దున్నే ఓనరు దిగాడు.

"తలుపు లేని ఇంట్లో ఆడవాళ్లు ఎన్నాళ్లుంటారమ్మా? నా మాట విని వెళ్లిపోండి."

"ఏడు నెలలుంటామండి."

ఆమె అగ్రిమెంటు చివరి కాగితం తీసింది. అద్దెకున్నవాళ్లు ఎక్కడ ఏం పట్టుకుపోతారోనని, కుళాయి పిడితో సహా ఇంట్లో ఉన్నవన్నీ ఓనరే దగ్గరుండి రాయించిన జాబితా అది. కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

"మొదటిదీ, ఆఖరి వాక్యమూ చదవండి," అంది.

ఆయన చదవలేదు. ఆమే చదివింది.

"'వీధి తలుపు ఒకటి, గడియతో సహా. ఏ వస్తువు పోయినా అద్దెకున్నవారు వెంటనే పోలీసు రిపోర్టు ఇవ్వవలెను.' మీరు రాయించిందే. పైగా కోర్టు ఆర్డరు లేకుండా తలుపులు పీకి ఖాళీ చేయించడం నేరమట, కోర్టు గుమాస్తాగారు చెప్పారు. ఇప్పుడు స్టేషన్‌కే బయల్దేరుతున్నా. ఎవరు తీసుకెళ్లారంటే చెప్పాలి కదండీ."

"అంతదూరం ఎందుకమ్మా..."

"దూరమేం లేదు, రెండు వీధులే."

మధ్యాహ్నానికల్లా వడ్రంగి తలుపు బిగించాడు. ఓ పక్క ఓనరే పట్టుకున్నాడు. టైలరమ్మ తలుపు మూసి, గడియ పెట్టింది. అత్త దుప్పటి పక్కకు నెట్టి, హాయిగా గాలి పీల్చుకుంది.

బయట ఎవరో తలుపు తట్టారు.

"ఎవరది?"

"నేనేనమ్మా, ఓనర్ని. గడియ సరిగా పడుతోందో లేదో చూద్దామని."

రెండేళ్లలో ఆయన ఆ తలుపు తట్టడం అదే మొదటిసారి. టైలరమ్మ మిషన్ ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించింది.

"బ్రహ్మాండంగా పడిందండి. లోపలికి రావాలంటే ముందురోజు చెప్పి రండి. అగ్రిమెంటులో ఆరో షరతు."