మాత మెడ దాకా

కొట్టు తలుపు తియ్యగానే రెనెల్ ముక్కుకి కొట్టాల్సింది బురద కంపు. కొట్టింది నిమ్మకాయ సబ్బు వాసన, దాని వెనకాలే పచ్చి పెయింటు వాసన. చంకలో ఉన్న బాబు తుమ్మాడు. పెయింటు వాసన పసివాళ్లకి మంచిది కాదని ఎవరో అన్నది గుర్తొచ్చి, వాడి ముక్కుకి గబుక్కున తన చొక్కా కాలరు అడ్డం పెట్టింది. పెట్టాక గాని అసలు ఘోరం తలకెక్కలేదు.

గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. నేల తుడిచిన అద్దంలా ఉంది. తుపాను నీళ్లలో నాని చచ్చిపోయిన పెద్ద స్టవ్వు, ఆ పొద్దునే కొని తెచ్చినట్టు తళతళలాడుతోంది. దాని పక్కన అత్తగారు అజేలీ, నడుం మీద చేతులు పెట్టుకుని, ఎవరైనా మెచ్చుకుంటారా అని నిలబడి ఉంది.

"ఎలా ఉంది పిల్లా?"

"అత్తయ్యా! ఏదీ ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. చెప్తే మాత్రం? పై ఊరి నుంచి మనిషి వస్తోందంటే కొట్టంతా బురద పెట్టుకుని రమ్మంటామా? మా చెల్లెళ్లని పిలిచాను. నిన్న నువ్వు పిల్లాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లావు చూడు, అప్పుడు మొదలెట్టాం. అన్నట్టు ఏమన్నాడు డాక్టరు?"

"జ్వరం లేదన్నాడు."

"నేనూ అదే అన్నాను. నాకు ఫీజు ఇవ్వలేదు."

రెనెల్ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. ఆ వచ్చే మనిషి బురద చూడ్డానికే వస్తోందని ఈవిడకి ఎలా చెప్పాలి? చెప్పింది. నిన్నా చెప్పింది, మొన్నా చెప్పింది. తుపానుకి దెబ్బతిన్న చిన్న చిన్న కొట్లకి సాయం ఇచ్చే ఆఫీసు అది. నీళ్లు స్టవ్వు బర్నర్ల మీదికి ఎక్కినట్టు రుజువుంటే కొత్త స్టవ్వూ, కొత్త ఫ్రీజరూ వస్తాయి. అంతకంటే కిందే ఆగితే నేల కడుక్కోమని ఏదో చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ రుజువు నిన్నటిదాకా గోడ మీద ఉండేది. నీళ్లు దిగిపోతూ చుట్టూ గీసి వెళ్లిన గోధుమరంగు గీత, రెనెల్ నడుం కంటే పైన.

ఇప్పుడు అది పెయింటు కింద ఉంది.

సముద్రంలో ఆయిల్ రిగ్గు మీద పనిచేసే మొగుడు ట్రాయ్ ఫోన్లో ముందే తేల్చేశాడు. "సాయం వస్తే తెరుద్దాం. రాకపోతే తలుపుకి చెక్కలు కొట్టేద్దాం. ఇంక అప్పు చెయ్యడం నా వల్ల కాదు." బయూ కాలువ ఒడ్డున నాలుగు బల్లలూ, గంబో పులుసు కుండా, అన్నం కూరిన బుడాన్ సాసేజీలు ఉడికే గిన్నే, ఇవే ఆ ఇంటికి ఆధారం. రెనెల్‌కి చదువు మధ్యలో ఆగిపోయింది. చేతనైంది వంటే.

"నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని అడిగితే ఏం చెప్తారు?" అంది.

"అందరికీ ఏం చెప్పానో అదే చెప్తాను. మాత పాదాల దాకా వచ్చి ఆగాయి."

అక్కడే ఉంది అసలు చిక్కు. స్టవ్వు పక్క గోడకి, తుపానుల నుంచి కాపాడుతుందని ఊరంతా నమ్మే తక్షణ సహాయ మాత పటం వేలాడుతోంది. రేకు మీద రంగులతో వేసిన పొడవాటి పటం. కుర్చీలో కూచుని రొయ్యలు ఒలుచుకునే అజేలీ కళ్లకి ఎదురుగా ఉండాలని కిందకే కొట్టారు మేకు. మాత పాదాలు స్టవ్వు అడుగు తలుపు దగ్గర, కిరీటం బర్నర్లకి జానెడు పైన. ఖాళీ చేసి వెళ్లిన ఊళ్లోకి అందరికంటే ముందు తిరిగొచ్చింది అజేలీ. వచ్చిన మొదటి ఆదివారమే చర్చిలో లేచి నిలబడి చెప్పేసింది, నీళ్లు మాత పాదాలు తాకి వెనక్కి పోయాయని. ఫాదరు గారు ప్రసంగంలో రెండోసారి చెప్పారు. పక్క ఊరి నుంచి ఒకావిడ చర్చికి కొవ్వొత్తి పట్టుకొచ్చింది.

ఎదురు కొట్టు ఒలంప్‌కి ఇది అస్సలు మింగుడుపడలేదు. ఆవిడ కొట్లో నీళ్లు కౌంటరు మీదికి ఎక్కాయి. ఆవిడ మాత పటం తేలుతూ పోయి ఎవరి గరాజులోనో దొరికింది. అజేలీ ఆ సంగతి ఎవరికీ గుర్తు చెయ్యదు, రోజుకొక్కసారి తప్ప.

ఇంతలో బయట కారు ఆగింది.

ఆఫీసు నుంచి వచ్చినావిడ పేరు జోలీన్. సముద్రం మొహం చూడని నెబ్రాస్కా మనిషి. చెమటలు కక్కుతూ లోపలికొచ్చి, చుట్టూ చూసి, చేతిలో కాగితాలు బిగించిన అట్ట కిందకి దించింది.

"నేను సరైన చోటికే వచ్చానా?"

"రా తల్లీ, కూచో," అంది అజేలీ. "కాఫీ తాగు. ఇంటి నుంచి గంబో చేసి తెచ్చాను. ఎంత చిక్కిపోయావు! మీ ఊళ్లో తిండి పెట్టరా?"

వెనకే ఒలంప్ అత్తి పండ్ల కేకు పట్టుకుని దిగింది. "సాయం ఏమైనా కావాలేమోనని వచ్చాను," అంది, అందరికంటే బాగా కనిపించే కుర్చీ లాక్కుంటూ.

"కావాల్సిన సాయం కేకు. అక్కడ పెట్టు," అంది అజేలీ.

జోలీన్ గంబో తింటూనే గోడలు తడిమింది. స్టవ్వు చుట్టూ తిరిగింది. "ఇది కొత్తదా?"

"పాతదే అండీ," అంది రెనెల్. "వెలగదు. లోపలంతా ఉప్పు నీళ్లు..."

"వెలగకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయమ్మా. నాకు నీళ్ల గీత కావాలి. ఫొటోలేమైనా తీశారా?"

ఆ మాటకి రెనెల్‌కి ప్రాణం లేచొచ్చింది. తీసింది! తిరిగొచ్చిన రోజున బోలెడన్ని తీసింది. ఫోను తీసి అందించింది. జోలీన్ వేలితో తోస్తూ చూసింది. బాబు. బాబు ఆవలిస్తూ. బాబు ఏడుస్తూ. బాబు బుగ్గ మీద దోమ కుట్టిన మచ్చ, దగ్గరగా. బాబు టోపీ, ఆ టోపీ చివర వేలెడంత గోధుమరంగు.

"ఇది గోడా?" అని ఆశగా అడిగింది జోలీన్.

రెనెల్ వంగి చూసింది. "కాదండీ. మా ఆయన చెప్పు."

ఒలంప్ కేకు ముక్క నోట్లో పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

"ముద్దుగా ఉన్నాడు," అంది జోలీన్, నిజంగానే జాలిపడుతూ. "పెద్దావిడా, మీరు చెప్పండి. నీళ్లు ఎందాకా వచ్చాయి?"

రెనెల్ అత్తగారి కళ్లలోకి చూసింది. అజేలీ ఒలంప్ కళ్లలోకి చూసింది.

"మాత పాదాల దాకా," అంది గట్టిగా. "కాస్త తడి. అంతే."

జోలీన్ వంగి పాదాల ఎత్తు చూసుకుని నిట్టూర్చి, అట్ట మీద రాసుకోవడం మొదలెట్టింది. రెనెల్ కూడా ఆ పటం వైపే చూస్తోంది. చూస్తుంటే రేకు అంచు చుట్టూ పెయింటు వంకరటింకరగా ఆగిపోయినట్టు కనిపించింది. తుపానుల కాలం అయ్యేదాకా మాతని గోడ మీంచి కదపకూడదని ఆ ఇంట్లో పట్టింపు. నవంబరు ఆఖరికి గాని దించి దుమ్ము దులపరు. అంటే అత్తగారూ చెల్లెళ్లూ పటాన్ని ముట్టుకోకుండా చుట్టూ వేసుకుంటూ పోయారు!

"అత్తయ్యా," అంది గొంతు తగ్గించి. "మాత వెనకాల..."

"నోరు ముయ్యి."

"వెనకాల గోడ కడగలేదు కదూ?"

"పిల్లాడికి ఆకలేస్తున్నట్టుంది, చూసుకో."

బాబు నిద్రపోతున్నాడు. రెనెల్‌కి చెయ్యి చాచి తనే తీసేద్దామనిపించింది. కానీ చెయ్యి లేవలేదు. సీజను మధ్యలో మాతని దించితే, ఇంకో తుపానొస్తే, ఆ పాపం పిల్లాడికి చుట్టుకుంటేనో? వాడి నుదురు తడిమి చూసింది. చల్లగానే ఉంది. మళ్లీ తడిమింది.

జోలీన్ సంచి సర్దుకుంటోంది.

"సరేనండీ, అదే రాసుకోండి," అంది రెనెల్. బాబుని భుజం మీదికి మార్చుకుని ఒలంప్ వైపు తిరిగింది. "ఒలంప్ పిన్నీ, మొన్న అడిగారు కదా, మీ వంటింట్లోకి మనిషి కావాలని."

ఒలంప్ చేతిలో కేకు ఆగిపోయింది. "అడిగానే! సోమవారం రా తల్లీ. పిల్లాడికి మూల ఉయ్యాల కట్టిస్తాను. గంబో మటుకు మీ ఇంటి పద్ధతిలోనే చెయ్యాలి. ఆ పిండి నూనెలో నల్లగా వేయించే పద్ధతి ఉంది చూడూ..."

"వేయించడం నేర్పింది నేను!" అంది అజేలీ.

"అందుకేగా పిలుస్తున్నాను. నిన్ను పిలిస్తే రావు."

అజేలీ పటం దగ్గరికి నడిచింది. శిలువ గుర్తు వేసుకుంది. మాత చెవి దగ్గర ఏదో గొణిగింది. క్షమాపణో, ఒలంప్ మీద ఫిర్యాదో మరి. రెండు చేతులా పటం ఎత్తి మేకు మీంచి తీసింది.

తెల్లటి గోడ మీద పటమంత మురికి జాగా తలుపు తెరిచినట్టు బయటపడింది. కిందంతా ఎండిన బురద. దాని మీద అడ్డంగా గీసినట్టు గోధుమరంగు గీత, బర్నర్ల కంటే నాలుగు వేళ్లు పైన. గీత మీద ఒక ఎండు రొయ్య అతుక్కుని ఉంది.

జోలీన్ పటాన్ని పక్కన ఆనించి చూసింది. గీత సరిగ్గా మాత మెడ దగ్గరికి వచ్చింది.

ఒలంప్ కుర్చీలోంచి లేచింది. "ఏమమ్మోయ్ అజేలీ! పాదాలు ఇంత పైకి ఎప్పుడొచ్చాయి?"

"అవును, మెడ దాకా," అంది అజేలీ. మొహం కందగడ్డలా అయింది గాని గొంతు తగ్గలేదు. "మెడ దాకా మునిగింది. మునిగినా మేకు వదల్లేదు. నీ మాత ఏ గరాజులో తేలింది, చెప్పు?"

ఒలంప్ మిగిలిన కేకు తిన్నది.

జోలీన్ ఆ గీతని రొయ్యతో సహా ఫొటోలు తీసుకుంది. వెళ్తూ వెళ్తూ ఇంకో గిన్నె గంబో తిని, అది కూడా రాయాలా అని ఎవరూ అడక్కముందే, "ఇది రాయను లెండి," అంది.

స్టవ్వు వచ్చేసరికి చలి మొదలైంది. అప్పటికి చర్చిలో అజేలీ చెప్పే కథలో నీళ్లు మాత గడ్డం దాకా వచ్చాయి. క్రిస్మస్ నాటికి కిరీటం మునుగుతుందని ఒలంప్ అందరితో పందాలు కాస్తోంది. పటాన్ని ఎదురు గోడకి మార్చారు. ఆ మురికి జాగాకి మటుకు అజేలీ పెయింటు వెయ్యనివ్వలేదు.

"ఉండనీ. మళ్లీ ఎవరైనా వచ్చి అడిగితే?"

"ఫొటో తీసి పెడతాను అత్తయ్యా, ఈసారి సరిగ్గా," అంది రెనెల్. కొత్త బర్నరు వేడి పిల్లాడికి తగులుతుందేమోనని వాణ్ణి అటు నుంచి ఇటు మార్చుకుని, ఫోను ఎత్తి, గోడకేసి గురి చూసి నొక్కింది.

అజేలీ కళ్లజోడు పెట్టుకుని చూసింది. ఫోనంతా బాబు తలకాయే.