పదిహేను నిమిషాల వంతు

ఇలా దగ్గరికి జరగండర్రా. ఎమిల్ హ్రుష్కా సంగతి గొంతెత్తి చెప్పేది కాదు.

ఆ శనివారం పొద్దున కూడా ఎమిల్ ఇనుప పోత కార్ఖానాలో తన చోటనే నిలబడి ఉన్నాడు. పోత పోసిన చక్రాన్ని గొలుసుకు వేలాడదీసి చిన్న సుత్తితో తట్టడం అతని పని. గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. పొట్టి మనిషి. కుడి భుజం కిందికి జారిపోయింది. కనుబొమల్లోని మసి ఏ సబ్బుకీ లొంగదు. ముప్పై ఎనిమిదేళ్ళలో పగిలిన చక్రం ఒక్కటీ అతని చెవిని తప్పించుకుని గేటు దాటలేదు. మేస్త్రీ ఉద్యోగం రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ బయటివాళ్ళను తెచ్చి కూర్చోబెట్టారు. రెండోవాడికి సుత్తి పట్టుకోవడం ఎమిలే నేర్పాడు. ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

అతను తిట్టేదల్లా మా సరస్సు ఒడ్డు ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టోకర్స్‌ని. ఏటా ఏప్రిల్లో కాలేజీ కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. బాగా ఓడినవాళ్ళకు ముందు వంతు. స్టోకర్స్‌కు ముందు వంతు రాని ఏడు లేదు, దాన్ని తగలెయ్యని ఏడూ లేదు. ఒకసారి తాగుబోతును తెచ్చారు, ఒకసారి బంతి పట్టలేని పరుగువీరుణ్ణి, ఇంకోసారి యజమాని అల్లుడి స్నేహితుణ్ణి.

ఈసారి రెండో వంతు వచ్చింది. పందులు పెంచే ఇంట పుట్టిన లూథర్ డాబ్స్ అనే కుర్రాడున్నాడు, ఎడమవైపు నిలబడితే ఎదుటివాళ్ళకు గోడే. ఎమిల్ మూడు శనివారాలు బస్సెక్కి వెళ్ళి, వానలో నిలబడి వాడి ఆట చూసొచ్చాడు. అప్పటికే ఎమిల్ గుండె పాడైంది. వచ్చే చలికాలం గురించి అడిగితే డాక్టరు మాట మార్చాడు.

"పోయేలోగా వీళ్ళు ఒక్కసారి సరిగ్గా ఎంచుకోవడం చూడాలే," అన్నాడు భార్య రోసాలీతో. అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం చర్చి కింది హాల్లో అందరూ టీవీ ముందు చేరారు. జట్టు ఎవర్ని తీసుకుంటుందో తలా ఒక చీటీ రాసి డబ్బాలో వెయ్యాలి. సరిగ్గా రాసినవాడికి మాంసం పెట్టి వండిన క్యాబేజీ చుట్టల మొదటి పళ్ళెం. అది మా ఆనవాయితీ.

"ఏం రాశావురా?" అన్నాడు మంగలి ఒట్టో.

"డాబ్స్."

"అయితే వాడి పని అయిపోయినట్టే. నువ్వు మంచివాడన్నవాణ్ణి వీళ్ళెప్పుడు తీసుకున్నారు గనక?"

"నోర్మూసుకుని చూడరా."

మొదటి జట్టు వేరే కుర్రాణ్ణి తీసుకుంది. డాబ్స్ మిగిలాడు! తెర మీద స్టోకర్స్ పేరు పంపే గడువుకు గడియారం పదిహేను నిమిషాల దగ్గర మొదలైంది. పది. ఐదు. మనవాళ్ళు పేరు పంపరు, ఫోన్లు పట్టుకుని వేరే జట్లతో బేరాలు. ఆ ఒక్క వంతు ఇచ్చేసి కింది వంతులు రెండు పుచ్చుకుందామని.

"పేరు ఇవ్వండ్రా దరిద్రుల్లారా!" ఒట్టో కుర్చీ ఎక్కి అరిచాడు.

గడువు దాటిపోయింది. దాటితే తర్వాతి జట్టు ముందుకు దూకొచ్చు. దూకింది. డాబ్స్ తెర మీద ఆ జట్టు టోపీ పెట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత స్టోకర్స్ రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లయినవాణ్ణి తీసుకుని, మాకు మొదటినుంచీ కావలసింది ఇతనే అని చెప్పుకుంది.

హాలంతా ఏడవలేక నవ్వింది. ఎమిల్ లేచాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళు నేను తట్టి చూసి మరీ ఏరాను. వీళ్ళకి ఎదురుగా కూర్చోబెట్టినా కనబడలేదు."

"తిని పోరా. పై ఏడు ఇంకా బాగా ఓడతాం, ఇంకా మంచి వంతొస్తుంది," అన్నాడు ఒట్టో.

"పై ఏడు నీది, ఉంచుకో."

ఇంటికొచ్చి వరండాలో ఎండ పడే కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవర్ని తెచ్చారయ్యా?" లోపలినుంచి రోసాలీ.

"మోకాళ్ళు లేనివాణ్ణి."

"కాఫీ పెట్టనా?"

"పెట్టు."

ఆమె కప్పు పట్టుకుని వచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

ఆట పిచ్చితో పోయాడంటారు ఊళ్ళో. మీరు అలా చెప్పకండి. ఎవరైనా అడిగితే అతని ఒళ్ళో ఉన్న కాగితం సంగతి గుర్తుపెట్టుకుని చెప్పండి. రెండో విడత ఎంపికకు మిగిలే కుర్రాళ్ళ జాబితా అందులో ఉంది. తొమ్మిది పేర్లు కొట్టేసి, పదో పేరు కింద పెన్సిల్‌తో గీత మొదలుపెట్టాడు. ఆ గీత పేరు సగం దాకా వచ్చింది.