ఇందుజ కుడికాలు

తాడేపల్లిగూడెంలో కాలేజీ బస్సు రోజూ పొద్దున్న ఇందుజ వాళ్ళ వీధి చివర ఆగుతుంది. ఆమె మెట్టెక్కగానే డ్రైవరు అద్దంలోంచి చూసి, "మేడమ్ గారూ, వెనక్కండీ" అంటాడు. ఆమె చివరి వరసకు వెళ్ళి కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంటుంది. ముందు కూర్చుంటే ఆమె కుడికాలు ఊరుకోదు. ఎదురుగా లారీ వచ్చినా, గేదె రోడ్డు దాటేలా కనిపించినా, డ్రైవరు ఆవలించినా ఆ కాలు కింద రేకును గట్టిగా నొక్కుతుంది. నొక్కితే బండి ఆగిపోతుంది.

చిన్నప్పటి నుంచీ అంతే. పుట్టిల్లు జంగారెడ్డిగూడెంలో స్కూలుకి వెళ్ళే ఆటో కూడా ఆమె ఎప్పుడు ఆపితే అప్పుడు ఆగేది. పెళ్ళయి అత్తవారింటికి వస్తుంటే పూలు కట్టిన కారు దారంతా ఆగుతూనే వచ్చింది. అత్తగారు చుట్టాలతో, "మా కోడలికి కాలు కాస్త ఎక్కువండీ" అని చెప్పుకున్నారు, ఎవరికైనా చూపు తక్కువని చెప్పినట్టు. ఒక్క రైలు మాత్రం ఆ కాలికి లొంగలేదు. లొంగి ఉంటే రైల్వేవాళ్ళు ఊరుకునేవారు కారు.

ఆమెది అనుమానపు స్వభావం. గ్యాస్ కట్టేసి వచ్చి మళ్ళీ వెళ్ళి చూస్తుంది. పాలవాడి ఎదుటే పాలు వేలితో చూస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది కనుక, జవాబు సరిగ్గా వచ్చినా ఎలా వచ్చిందో చూస్తే గాని మార్కు వెయ్యదు. భర్త హేమంత్‌కుమార్ వాళ్ళకు రైస్ మిల్లు ఉంది. మిల్లు తవుడు కొల్లేరు చెరువుల్లో చేపలకు మేతగా వెళ్తుంది. ఆ వ్యాపారం హేమంత్ చూస్తాడు. అతను హైదరాబాదు నుంచి రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి, వాడినదే, కొనుక్కొచ్చాడు. తాడేపల్లిగూడెం వీధుల్లో అది ఆటోల వెనక పాకుతుంది. ఏలూరు దాటి కైకలూరు రోడ్డెక్కి, రెండు వైపులా చెరువులు కనిపించాక గాని దానికి ప్రాణం రాదు.

అదే ఆమెకు మింగుడు పడలేదు. తవుడు లారీలో పోతుంది. రైతులు ఫోన్లో మాట్లాడతారు. మరి వారంలో సగం రోజులు ఈయన కైకలూరు అవతల కలిదిండి దాకా ఎందుకు వెళ్ళాలి? వెళ్ళినప్పుడల్లా ఫోనెందుకు ఎత్తడు?

దసరా రోజుల్లో ఇద్దరూ ఆ కారులో ఏలూరు వెళ్తుంటే గుండుగొలను దగ్గర ఆమె కాలు పడింది. అతని చేతిలో టీ తెల్ల చొక్కా మీద ఒలికింది. "ఇక నా కారు ఎక్కకు" అన్నాడు. ఆమె ఎక్కలేదు.

కార్తీకమాసం వచ్చేసరికి ఆ కారు బ్రేకులు ఇనుము మీద ఇనుము గీసినట్టు అరవడం మొదలెట్టాయి. ఏలూరులో చూపించుకొస్తానన్నాడు హేమంత్.

"గూడెంలో మెకానిక్కులు లేరాండీ?"

"ఈ కారు సంగతి ఏసుబాబుకే తెలుసు."

"నేనూ వస్తాను."

"కారులోనా?"

"రైల్లో వస్తానండీ. మీరు కారులో రండి."

అలా ఇద్దరూ వేరువేరుగా బయల్దేరి ఏలూరులో ఏసుబాబు షెడ్డు దగ్గర కలిశారు. ఏసుబాబు ముందు చక్రాలు విప్పి, బ్రేక్ ప్యాడ్లు ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. వాటి మీద రాపిడి పట్టే పొర అరిగిపోయి, ఉత్త రేకే మిగిలింది. అవి పట్టి ఆపే ఇనుప డిస్కులు గుండ్రంగా గీతలు పడి, అంచుల్లో నీలంగా కమిలిపోయాయి.

"మొన్ననే కదయ్యా కొత్తవి వేశావు! నకిలీ సరుకు అంటగట్టావా నాకు?" అన్నాడు హేమంత్.

ఏసుబాబు మొహం చిన్నబోయింది. డ్రైవరు సీటు దగ్గరికి వంగి పెడల్ చూశాడు. "సరుకు మంచిదేనండీ. పెడల్ రబ్బరు చూడండి, కొత్తదానిలా ఉంది. ఇంత అరుగుదల మీరు తొక్కితే వచ్చింది కాదు బాబుగారూ. వారి కాలు సంగతి మీరే చెప్పారు కదా, పక్కన అమ్మగారే కూర్చుంటున్నారా అండీ?"

"దసరా నుంచి నేను ఈ కారు ఎక్కలేదు" అంది ఇందుజ.

ఏసుబాబు పానా కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అవతలికి వెళ్ళిపోయాడు.

హేమంత్, "ఎవరూ కూర్చోరు. ఒట్టు" అన్నాడు. ఆమె పక్క సీటు తలుపు తీసింది. సీటు మీద వెంట్రుక కోసం చూసింది. వాసన చూసింది, తవుడు వాసన తప్ప ఇంకేమీ లేదు. కాళ్ళ కింద మ్యాటు ఎత్తి చూస్తే శుభ్రంగా ఉంది. ఏమీ దొరక్కపోవడం ఆమెకు మరింత అనుమానంగా తోచింది. ఇంత శుభ్రంగా ఎవరు ఉంచారు? పక్కన ఎవరో ఆడమనిషి కూర్చుంటోందన్న బాధ ఒక ఎత్తు. ఆ మనిషికీ తనలాంటి కాలే ఉందన్న బాధ ఇంకో ఎత్తు. లోకంలో తనకొక్కదానికే ఉందనుకున్నది, పోయి పోయి ఆవిడకే ఉండాలా?

పక్కనే భీమశంకరం గారి విడిభాగాల కొట్టు. ఇద్దరూ అక్కడికి నడిచారు. భీమశంకరం రెండు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. చిల్లులు పొడిచి నిగనిగలాడుతున్న డిస్కుల మీదికి వెంటనే హేమంత్ చెయ్యి వెళ్ళింది.

"ఇవి రేసు కార్లకి వేస్తారండీ" అన్నాడు భీమశంకరం ఉత్సాహంగా. "ఈ చిల్లుల్లోంచి వేడి పోతుంది. దీనికి జతగా రేసింగ్ ప్యాడ్లు. ఎంత వేగంలో ఉన్నా పట్టేస్తాయి."

"చల్లగా ఉన్నప్పుడు పడతాయాండీ?" అంది ఇందుజ.

"కాస్త వేడెక్కాక బ్రహ్మాండంగా పడతాయమ్మా."

"వేడెక్కక ముందు?"

భీమశంకరం గొంతు సవరించుకున్నాడు. "మొదట ఒకటి రెండు సార్లు కొంచెం జారినట్టు ఉండొచ్చండీ."

"గేదె మొదటిసారికే అడ్డొస్తుంది కదండీ. ఇది వేడెక్కేదాకా ఆగమని దానికి ఎవరు చెబుతారు?"

"నీకేం తెలుసు కార్ల గురించి?" అన్నాడు హేమంత్.

"కార్ల గురించి తెలియదు. ఆపడం గురించి తెలుసు."

ఆమె చిల్లులున్న డిస్కు పక్కకి జరిపి, మామూలు డిస్కు చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి అంచు చూసింది. రోజూ రోడ్డు మీద తిరిగే కార్లకి వేసే ప్యాడ్లు అడిగింది. భీమశంకరం తెచ్చిన పెట్టె మీద సీలు గోటితో గీకి, "ఒకసారి ఊడదీసి మళ్ళీ అంటించినట్టుందండీ" అంది. "మా నాన్నగారి నాటి కొట్టమ్మా ఇది" అని ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే ఆ పెట్టె బల్ల కింద పెట్టి లోపల్నుంచి ఇంకొకటి తెచ్చాడు. డిస్కులు కూడా ఎందుకు, ప్యాడ్లు ఒక్కటే మారిస్తే చాలదా అని ఈసారి హేమంత్‌కి అనుమానం వచ్చింది. గీతలు పడ్డ డిస్కు మీద కొత్త ప్యాడ్లు వేస్తే అవీ త్వరలోనే పోతాయని గుమ్మం దగ్గర్నుంచి ఏసుబాబు చెప్పాడు.

"పక్క నుంచి ఎవరు నొక్కినా తట్టుకోవాలి కదండీ, గట్టివే ఇవ్వండి" అంది ఇందుజ. హేమంత్ గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి అన్నీ బిగించాడు ఏసుబాబు. "ఖాళీ రోడ్డు మీద మెల్లగా తొక్కుతూ వదులుతూ ఓ చుట్టు తిప్పి తీసుకురండి బాబుగారూ. ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడాలి. ఒక్కసారిగా తొక్కకూడదు. అమ్మగారూ, మీరు కొట్లోనే కూర్చోండి, ఏమీ అనుకోకండేం."

హేమంత్ ఒక్కడే వెళ్ళాడు. కారు చెరుకురసం బండి దాటి నెమ్మదిగా పోతుంటే ఇందుజ కొట్టు బెంచీ మీద కూర్చుని చూస్తోంది. బల్ల మీద అతను మర్చిపోయిన ఫోను మోగింది. తెర మీద 'శిల్ప కలిదిండి' అని పేరు.

ఇందుజ కుడికాలు సిమెంటు నేల మీద దిగబడింది. అంత దూరంలో వీధి మలుపు దగ్గర ఎర్ర కారు కీచుమని ఆగిపోయింది.

ఏసుబాబు చూశాడు, భీమశంకరం చూశాడు. ఆమె కాలు తీసింది, కారు కదిలింది. ఫోను ఇంకా మోగుతోంది. కాలు మళ్ళీ పడింది, కారు మళ్ళీ ఆగింది.

భీమశంకరం కళ్ళజోడు సర్దుకుని, "అమ్మగారికి దూరం పెరిగినట్టుందండీ" అన్నాడు.

ఆమె ఫోను తీసింది. అవతలి నుంచి ఒకావిడ, "అన్నయ్యగారూ, తవుడు లోడు ఇంకా రాలేదండీ, మావారు చెరువు గట్టు మీద ఎదురుచూస్తున్నారు" అంది. వెనకాల ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఇందుజ, లోడు వస్తుందని చెప్పి పెట్టేసింది.

హేమంత్ తిరిగి వచ్చి కారు దిగుతూనే, "ఏమయ్యా, ఆగక్కర్లేని చోట ఆగుతోంది" అన్నాడు. ఏసుబాబూ భీమశంకరమూ ఇందుజ వైపే చూస్తుంటే అతనూ భార్య మొహం చూశాడు. ఆమె తన కాలు వైపు చూసుకుంటోంది. అతనికి అర్థమైంది.

"అంటే ఇన్నాళ్ళూ ఆ రోడ్డు మీద బండి బరువుగా లాగింది నీవల్లేనా?"

"మీరు ఫోనెత్తనప్పుడల్లా కాలు కొద్దిగా నేలకి నొక్కుకునే ఉండేదండీ. బండి ఎక్కడో ఉంది కదా అనుకున్నాను."

"కొల్లేరు మీద గాలీ ఇంజనూ కలిసి ఒకటే హోరు, ఫోను ఎలా వినపడుతుంది? ఒంటరిగా ఆ రోడ్డు మీద పోవడం నాకు ఇష్టం. అంతకంటే ఏమీ లేదు."

ఏమీ లేదన్న మాట ఆమె పూర్తిగా నమ్మలేదు. అయినా ఇక తను వేరుగా రైల్లో వెళ్ళడమెందుకు అనిపించి కారెక్కి కాళ్ళు మడుచుకుంది.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె నమ్మడం సాధన చేసింది. అతను బయల్దేరితే కుర్చీలో రెండు కాళ్ళూ పైన పెట్టుకుని కూర్చునేది. ఫోను చెయ్యాలనిపిస్తే పేపర్లు దిద్దుకునేది. ధనుర్మాసంలో ఒక పొద్దున్న, వీధి చివర బస్సు కూడా కనపడనంత మంచులో అతను తాళాలు తీసుకున్నాడు.

"ఎక్కడికండీ?"

"కలిదిండి. శిల్ప వాళ్ళ చెరువులో చేపల పట్టుబడి ఇవాళ."

"వెళ్ళిరండి" అంది. రెండో ప్రశ్న నోటి దాకా కూడా రాలేదు. ఆ రోజు ఆమె నిజంగానే నమ్మింది.

మొదటి పీరియడ్‌లో బోర్డు మీద లెక్క సగంలో ఉంది. ఆమె మనసంతా ఆ లెక్క మీదే ఉంది, భర్త తలపులోనే లేడు. ఉన్నట్టుండి కుడికాలు నేలకి దిగబడింది. చెప్పు తెగింది. సుద్దముక్క రెండయింది. ఆమె బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. ఎంత తియ్యాలన్నా కాలు రాలేదు.

ముందు బెంచీ అమ్మాయి, "ఏమైంది మేడమ్?" అంది.

"ఆపుతున్నానమ్మా" అంది ఇందుజ. కాసేపటికి కాలు దానంతటది వదిలింది.

ఆమె వరండాలోకి వచ్చి ఫోను చేస్తే అతను ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఈసారి ఫోనెత్తలేదని కోపం రాలేదు, భయమేసింది. చాలాసేపటికి అతనే చేశాడు.

"నొక్కావా?"

"నొక్కానండీ. మీరెక్కడున్నారు?"

"నేనింకా చూడనేలేదు ఇందూ. కారే ఆగింది" అన్నాడు.

జరిగింది ఇది. చెరువుల మధ్య రోడ్డు మలుపు తిరిగే చోట, మంచులో బాతుల మంద రోడ్డు దాటుతోంది. వాటిని తోలే సువార్తమ్మ, కుంటుతున్న బాతునొకదాన్ని ఎత్తుకుందామని రోడ్డు మధ్యలో వంగింది. కారు చక్రాలు తిరగబోమని మొండికేసి, రోడ్డును గీరుకుంటూ వచ్చి ఆమె ముందు ఆగాయి. ఎంత దగ్గరంటే, ఆ ముసలావిడ కారు ముందు భాగం మీదే చెయ్యి ఆనించి పైకి లేచింది. "కాస్త చూసుకు రావాలి బాబూ" అంది. తర్వాత చలికి రెండు చేతులూ ఆ వేడి రేకు మీద కాసేపు కాచుకుని, బాతుల వెనక వెళ్ళిపోయింది.

ఆదివారం హేమంత్ భార్యను అక్కడికి తీసుకెళ్ళాడు. మంచు విడిచి ఎండ వచ్చింది. రోడ్డు మీద నల్లటి చారలు రెండు ఇంకా చెరగలేదు. ఇందుజ వాటి వెంబడి వెనక్కి నడిచింది. అవి మలుపుకి ఇవతలే, మనిషి కనిపించే వీలే లేని చోట మొదలయ్యాయి. అక్కడ నిలబడి మలుపు వైపు చాలాసేపు చూసింది.

సువార్తమ్మ గట్టు మీద నుంచి వచ్చింది. హేమంత్ చెప్పింది విని, "ఓహో, ఈ అమ్మదా కాలు" అంది. గట్టున కూర్చుని ఇందుజ పాదం ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్ల పాదం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "నొప్పెట్టిందా తల్లీ?"

"చెప్పు తెగిందండీ" అంది ఇందుజ. అంటుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

తిరిగి వస్తున్నప్పుడు అడిగింది. "ఆ రోజు ఎంత వేగంలో ఉన్నారండీ?"

"అరవై ఉంటుంది" అన్నాడు హేమంత్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

చారల పొడవు ఆమె నడిచి చూసింది. ఆ పొడవుని బట్టి వేగం లెక్క మనసులోనే తేలిపోయింది. అరవై కాదు, అంతకు చాలా పైనే. ఇన్ని నెలలుగా సీట్ల కిందా ఫోనులోనూ వెతికిన అబద్ధం చివరికి చేతికి దొరికింది. తీరా చూస్తే ఇంతే ఉంది. ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది.

"ఎందుకు నవ్వుతున్నావు?"

"ఏం లేదండీ."

అతను అనుమానంగా ఒకసారి ఆమె కేసి చూసి, ముందు మలుపు రాకముందే తన కాలితో తనే బ్రేకు తొక్కాడు.