నిచ్చెన మీది కేక

డెన్మార్క్‌లో క్రిస్మస్ వచ్చిందంటే టీవీలో ఆ పాత సినిమా రావాల్సిందే. అందులో క్రిస్మస్ చెట్టు కొనకి నక్షత్రం కట్టబోయి నటుడు అక్సెల్ నిచ్చెన మీంచి పడతాడు. పడుతూ ఒక కేక పెడతాడు. ఆ కేకకి దేశమంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. అక్సెల్ ఇంట్లోనూ నవ్వేవాళ్లు, ఆయన మోకాలు రుద్దుకుంటూ అందరికంటే పెద్దగా నవ్వేవాడు. భార్య ఒక్కతే, నిచ్చెన కనబడగానే పాయసం అడుగంటుతోందంటూ వంటింట్లోకి వెళ్లిపోయేది. పొయ్యి ఎప్పుడో ఆర్పేసి ఉండేదని కూతురు వీబెకాకి అప్పట్లో ఏం తెలుసు!

అక్సెల్ పోయి చాన్నాళ్లయింది. ఇప్పుడా సినిమాని మళ్లీ తీశారు. కాలం మారింది కదా, ఈసారి నిచ్చెనెక్కేది ఇంటావిడ. శబ్దాలు సరిచేసే పని వీబెకాకి వచ్చింది. నాన్న సినిమాని పరాయివాళ్ల చేతిలో పెట్టడం ఇష్టంలేక ఒప్పుకుంది.

విడుదలకి ముందు కొంతమందికి చూపిస్తే, పడే చోట ఒక్కరూ నవ్వలేదు. దర్శకుడు ట్రోల్స్ మొహం వేలాడేసుకుని స్టూడియోకి వచ్చాడు.

"మా హీరోయిన్ ఎన్నిసార్లు అరిచినా ఎలకని చూసినట్టే ఉంది వీబెకా. మీ నాన్న కేకే ఆమె నోట్లో పెట్టేద్దాం. ఆడమనిషి నోట ఆ బండ గొంతు! హాలు ఊగిపోతుంది చూడు."

"అందులో బ్యాండు మోత కలిసిపోయి ఉందిగా?"

"మోత కలపకముందు, షూటింగులో పట్టిన టేపు దొరికింది. నువ్వు ఊ అంటే చాలు."

నాన్న మళ్లీ నవ్విస్తాడు కదా అని వీబెకా మురిసిపోయింది. ఒక్కతే కూర్చుని టేపు పెట్టింది.

కేక వినబడింది. సినిమాలో కేకతోపాటే బ్యాండు మోగుతుంది. టేపులో మోగలేదు, నాన్న మాటలు వినబడ్డాయి.

"ఆపండ్రా... కాలు... లేవలేకపోతున్నా."

చుట్టూ ఒకటే నవ్వులు. "చంపేస్తున్నావయ్యా అక్సెల్!" అని ఎవరో చప్పట్లు కొట్టారు.

"తమాషా కాదు. నిజంగానే."

ఇంకా నవ్వారు. చివరికి ఆయన కూడా నవ్వాడు. వీబెకాకి ఒళ్లు మండిపోయింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

అదే ట్రోల్స్‌కి వినిపించింది. అతను తెల్లబోయాడు. అయినా, "కేక ఒక్కటే తీసుకుందాం. మాటలు ఎవరికీ వినబడవుగా" అన్నాడు.

"నాకు వినబడ్డాయి."

"రేపు మళ్లీ చూపించాలి. నవ్వు రాకపోతే నిచ్చెన సీనే ఎత్తేస్తారు. మీ నాన్న గుర్తుగా మిగిలిందే అది."

వీబెకా లేచి మైకు గదిలోకి నడిచింది. "బొమ్మ వెయ్యి."

"నువ్వా? నీకు నటన ఏం వచ్చని?"

"వెయ్యమన్నానా!"

మొదటి కేక పేలవంగా వచ్చింది. రెండోసారి తెర మీద నిచ్చెన కదలగానే, వంటింట్లోకి వెళ్లిపోయే అమ్మ వీపు గుర్తొచ్చింది. అప్పుడొచ్చిన కేకకి ఆమెకే భయం వేసింది.

మర్నాడు హాలు దద్దరిల్లిపోయింది. నవ్వీ నవ్వీ ఒకాయన దగ్గుతున్నాడు. "అచ్చం అక్సెలే!" అంది వెనక వరసలో ఒకావిడ.

కాదు, అది నాది, ఆయన్ని ఇకనైనా వదిలెయ్యండి అని చెబుదామని వీబెకా వెనక్కి తిరిగింది. అన్నీ నవ్వుతున్న మొహాలే. ఆమె కూడా నవ్వాలని ఎదురుచూస్తున్నట్టున్నాయి.

ఏం చెయ్యాలో తోచక ఆమె కూడా నవ్వింది. నవ్వు చాలదనిపించి ఇంకా పెద్దగా నవ్వింది. నాన్న ప్రతి క్రిస్మస్‌కీ అంత పెద్దగా ఎందుకు నవ్వేవాడో అప్పుడు తెలిసింది.