కత్తెర ఎవరి చేతికి

చారిన్ లోయలో ఏటిదాకా ఉన్న దారి మూడు కిలోమీటర్లు కూడా లేదు. చంకలో పిల్లను, చేతిలో పుచ్చకాయను పెట్టుకుని ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ పోయే దారి. అలాంటి దారికోసం డెబ్భై ఆరేళ్ళ సపార్‌గలి మూడు రోజులుగా మోకాళ్ళకు గొర్రెకొవ్వు రాసుకున్నాడు.

కారణం మునిమనవడు. రేపు వాడి కాళ్ళ తాడు కోసే వేడుక. తప్పటడుగులేసే పిల్లల కాళ్ళకు నలుపూ తెలుపూ పేనిన తాడు కట్టి, చురుగ్గా నడిచే మనిషి చేత కోయిస్తారు. కోసినవాళ్ళ నడకే పిల్లలకు వస్తుందని నమ్మకం. టపా సంచీ భుజాన వేసుకుని రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచిన రోజుల్లో, చుట్టుపక్కల ఊళ్ళన్నీ సపార్‌గలికే కబురంపేవి. కాలు పరుగెత్తిన కాలం అది. ఇప్పుడు కాలం పరుగెత్తుతోంది, కాలు చూస్తూ నిలబడింది.

అందుకే ఇంట్లో అందరిముందూ చెప్పేశాడు. ఏటిదాకా వెళ్ళి నడిచే వెనక్కొస్తే కత్తెర తనది. దారిలో బండెక్కితే, పరుగుపందేల్లో గెలిచే తమ్ముడి మనవడు మెర్గెన్‌ది. తన కుంటినడక పసివాడికి అంటించడం ఇష్టంలేదన్నాడు. పిల్లవాడి తల్లి అయిన మనవరాలు బల్జాన్ తోడు బయల్దేరింది.

తాడు కోసే సంగతెలా ఉన్నా, మొదటి కిలోమీటరంతా కోతలు బాగానే కోశాడు. రెండో మలుపులో మోకాలు కలుక్కుమంటే పక్కనున్న చదునురాయి మీద కూలబడ్డాడు. కూర్చున్నాక తెలిసింది, అది రౌషాన్ కూర్చునే రాయని.

భార్య రౌషాన్ బతికున్నప్పుడు ప్రతి వేసవిలో ఇద్దరూ వచ్చేవాళ్ళు. తను ముందే ఏటిని చేరి, మంట రాజేసి, టీ కాచి, అరుస్తూ ఉండేవాడు. ఆవిడ గంట తర్వాత బుగ్గన ఉప్పటి ఎండుపెరుగు ఉండ, జేబునిండా గులకరాళ్ళతో తాపీగా వచ్చేది. ఏరేమైనా పారిపోతుందా అనేది. పారిపోవడమే దాని పని అనేవాడు.

ఇప్పుడా రాయిమీంచి చూస్తే, బురుజుల్లాంటి రెండు ఎర్రటి రాళ్ళ సందులోంచి దూరాన మంచుకొండ కనిపిస్తోంది. నలభై ఏళ్ళు ఈ దారిని తొక్కాడేగానీ చూడలేదు. ఆ తర్వాత మోకాలు ఆగమన్నచోటల్లా ఆగాడు. ఆగినచోటల్లా కూర్చోవడానికి ఏదో ఒక గట్టు, తలమీద కాస్త నీడ. ఆవిడ ఊరికే ఆగలేదన్నమాట.

ఏటి దగ్గర వేయించిన రొట్టెముక్కలు తిని, నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నారు. తిరుగుదారి సగంలో మోకాలు పూర్తిగా మొరాయించింది. సందర్శకుల్ని పైకి చేర్చే బండి ఒకసారి వస్తే చేత్తో పొమ్మన్నాడు. రెండోసారి వచ్చేసరికి లేవలేకపోయాడు. కాసేపు ఆగమని డ్రైవరుకు సైగచేసి బల్జాన్‌వైపు తిరిగాడు.

“రేపు చేతులు కడుక్కుని రమ్మని మెర్గెన్‌కి చెప్పవే అమ్మాయ్.”

“పోయినేడు వాడితోనేగా ఇక్కడికొచ్చావు. ఎంతదాకా నీ పక్కన నడిచాడు?”

“మొదటి మలుపుదాకా.”

“మరి నా తాడు ఎవరు కోశారు తాతా?”

రౌషాన్ కోసింది. ఊళ్ళోకెల్లా నెమ్మదైన మనిషి చేత కోయిస్తారా అని ఆరోజు విందులో ముద్ద ముట్టకుండా అలిగినవాడు తనే.

“పొద్దుట్నుంచీ నీ పక్కనే ఎలా నడిచాననుకున్నావు? నాయనమ్మ కోసింది గనకే. నా కొడుక్కీ ఆ నడకే రావాలి. ఇవాళ నీదీ ఆ నడకే, నువ్వే కోయి.”

కాలికంటే ముందు నోరు నడిచే మనిషి మోకాలు నిమురుకున్నాడు.

“వాడు రోజూ బడికి ఆలస్యంగా పోతే నన్ననకూడదు మరి.”

“అంటాను. అన్నా సరే, నువ్వే కోయాలి.”

ఆమె భుజం పట్టుకుని బండెక్కాడు. డ్రైవరు జోరు పెంచబోతుంటే వెనకనుంచి వీపు తట్టాడు.

“మెల్లగా పోనివ్వు నాయనా. మా ఆవిడ ఆగినచోట్లు దారిలో ఇంకా ఉన్నాయి.”