పన్నెండో వరుస

సైకాల్ బిష్కెక్ నగరంలో కూర్చుని ఒక ప్రోగ్రాము తయారుచేసింది. పాత టేపుల్లోని గొంతులను అది కంప్యూటర్‌లో దాచిపెడుతుంది. మ్యూజియంలవాళ్లూ బడిపంతుళ్లూ దాన్ని ఉచితంగా వాడుకునేవారు. కొత్త వెర్షన్ ఎక్కించగానే తెర మీద ఓ సందేశం కనబడేది. అది రాయడమంటే సైకాల్‌కు మహా సరదా.

వాళ్ల వైపు ఎవరింటికి వెళ్లినా ముందు ఒంట్లో ఎలా ఉందని, పిల్లలెలా ఉన్నారని, గొర్రెలెలా ఉన్నాయని అడగాలి. టీ తాగాలి. వచ్చిన పని ఆఖర్న చెప్పాలి. సైకాల్ తెర మీద కూడా ఆ మర్యాదే పాటించింది. పదకొండు వరుసలు పలకరింపులూ కృతజ్ఞతలూ. పన్నెండో వరుసలో అసలు సంగతి: “తెరిచే ముందు పాత రికార్డింగులను వేరేచోట కాపీ చేసుకోండి. తెరవగానే పాత ఫోల్డరు ఖాళీ అవుతుంది.” మర్యాద మండిపోనూ, ఇల్లు కాలుతుంటే కుశలప్రశ్నలేమిటి?

మార్చిలో నారిన్ ఊరి నుంచి ఫోన్ వచ్చింది. చిన్నప్పుడు ఆమెకు చదువు చెప్పిన బుర్కన్ అగాయ్, అంటే బుర్కన్ మాస్టారు. చావు ఇళ్లలో ఆడవాళ్లు పాడే ఏడుపుపాటలను ముప్పయ్యేళ్లుగా టేపుల్లోకి ఎక్కించిన మనిషి. ఆరోగ్యం అడిగాడు, చలి గురించి చెప్పాడు, చివరికి అన్నాడు:

“తల్లీ, పాటలు కనబడట్లేదే. మా బాత్మాది కూడా.”

బాత్మా ఆయన భార్య. తన తమ్ముడు పోయినప్పుడు పాడింది. పోయినేడు తనూ పోయింది.

“టేపులున్నాయిగా, అగాయ్?”

“అన్నీ నీ దాంట్లో భద్రంగా ఉన్నాయి కదాని పారేశా.”

“మరి నేను రాసింది చదవలేదా?”

“చదివానే! ‘ఒంట్లో బాగుందా, ఇంటిల్లిపాదీ క్షేమమేనా’ అన్నావు. మా సైకాల్ ఎంత మర్యాద నేర్చిందని పొంగిపోయా. మిగతాదీ అలాంటిదేలే అనుకుని తెరిచేశా.”

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు.

ఆయన డిస్కు తెప్పించి సైకాల్ పది రోజులు గాలించింది. ఒక్క పాటా దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు కూర్చుని సందేశం తిరగరాసింది. పలకరింపులన్నీ కొట్టేసింది. “ఆగండి. ముందు పాత రికార్డింగులు కాపీ చేసుకోండి. లేకపోతే పోతాయి.” అంతే.

వారానికి అగాయ్ మళ్లీ ఫోన్ చేశాడు.

“కొత్తది ఎక్కించా, తల్లీ. ఈసారి మొదటి ముక్కకే అర్థమైంది.”

“కాపీ చేశారా మరి?”

“పాతవేం ఉన్నాయని? నేరుగా తెరిచేశా.”