వినేవాళ్ల నిద్ర

రుఖయ్యా రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నేరుగా బడికొచ్చింది. ఇంకా గంట కొట్టలేదు. గడ్డపోతారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. బురఖాకు కూడా ఆ ఘాటు వాసన పట్టేసింది. బెంచీ మీద కూర్చుంటూనే, కూతురు ఆమ్నాను బడి మాన్పిస్తానంది.

నాకు ఒళ్లు మండింది. ఆమ్నా నాలుగో తరగతి. చదవమంటే నోరు విప్పదు. బతిమాలాను, కసిరాను, ఫలితం లేదు. ఇంట్లో రోజూ కాసేపు చదివించమ్మా, నీకు చదువు రాకపోయినా పర్లేదు, పక్కన కూర్చుని వింటే చాలని పోయిన నెల రుఖయ్యాకు చెప్పి పంపాను.

"నాతోని కాలే టీచరమ్మా," అంది. "డ్యూటీకి పొయ్యే ముంగట కూసుంట. అది బుక్కు తెరిచేలోపు నాకు కన్ను మూతవడుతది. మీరు చెప్పింది ఒక్కటే, అది గూడ చెయ్యలే. ఇగ మీకెందుకు పరేషాన్? జోగిపేటల మా అక్క కాడ కుట్టు మిషిన్ పని నేర్చుకుంటది. రేపే తోల్కపోత."

తిడదామని నోరు తెరిచి, ఆమె కళ్లకింద నలుపు చూసి మానుకున్నాను. నాకు మాత్రం ఓపిక ఎక్కడుంది? రెండు తరగతులూ ఒక్కదాన్నే లాగుతున్నాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమ్నాను అడిగాను. "మీ అమ్మ పండుకుంటే నువ్వేం చేస్తవే?"

"చదువుత."

"ఎవరికి?"

"అమ్మీకే. నిద్రల ఉంటే నా మొఖం చూడదు గద."

తెలుగు వాచకం తీసి దాని చేతిలో పెట్టాను.

"అయితే మేం గూడ పండుకుంటం. నువ్వు చదువు," అని బల్ల మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాను. రుఖయ్యా గోడకు చేరగిలబడింది.

బయట లారీలు పోతున్నాయి. కాసేపటికి పేజీ తిప్పిన చప్పుడు, ఆ వెనకే సన్నటి గొంతు. మొదటి మాటే తప్పు చదివింది. దిద్దాలని నాలుక దురద పెట్టింది గానీ ఊరుకున్నాను.

ఎవరో భుజం తట్టారు. రుఖయ్యా. బల్ల అచ్చు నా చెంప మీద పడింది. నిజంగానే నిద్రపోయాను. సిగ్గేసింది.

"లేపొద్దనుకున్న గని, బెల్లు కొట్టిన్రు," అంది. "కథ ఒడిసింది టీచరమ్మా. నడుమ నడుమ ఆగింది గని, ఆఖరిదాంక చదివింది."

"నువ్వు నిద్రపోలేదా?"

"రాలే." బురఖా అంచుతో కళ్లు తుడుచుకుంది. "ఇన్ని దినాలు నా పక్కన కూసొని చదివిందంట. ఒక్క దినం వినలే నేను."

కూతురి భుజానికి సంచి తగిలించి, ప్రార్థన లైనులోకి తోసింది. జోగిపేట మాట ఎత్తలేదు. గడప దాటబోతూ వెనక్కి తిరిగింది.

"రేపు పొద్దుగాల గూడ వస్త. మీరు పండుకోండ్రి, నేను వింట."